అర ట్రాక్టరు మన్ను

హన్మకొండ ఎగ్జిబిషన్ల
పన్నెండడుగుల గుండ్రటి జాగ నాకిచ్చిండ్రు.
ఆఫ్రికా మట్టి ఇండ్ల తీరు ఒక మంటపం గీయాలె.
కమిటీ వాళ్ళది ఒక్కటే మాట:
"థర్మకోల్ పెట్టి మట్టిరంగు కొట్టియ్యండి మేడం,
దూరంకెల్లి ఎవలకు తెలుస్తది?"

తెలుస్తది.
గోడ కనవడంగనే గోటితోని గీకే పిల్లలుంటరు,
వాళ్ళకు మొదలు తెలుస్తది.

ముందుగాల కంప్యూటర్ల లేపిన గోడ.
మాలి దేశపు మసీదుల లెక్క
బయటికి పొడుచుకొచ్చిన కట్టెలు,
అడ్డం పన్నెండు, నిలువు నాలుగు,
అన్నిటికీ ఒక్కటే ఎడం.
స్క్రీన్ మీద వాటి నీడలు ఎంత చక్కగ పడ్డయో
రెండు రోజులు అవే చూసుకున్న.

ఎన్ఐటీల చదివే ఇద్రీసాది ఆ దేశమే.
కాజీపేట చౌరస్తాల చాయ్ తాగుకుంట
నా బొమ్మను వేళ్ళతోని పెద్దగ చేసి, చిన్నగ చేసి,
"ఈ పై కట్టెకు ఎవరి కాలు అందుతుంది?" అన్నడు.
కాలెందుకు?
నవ్వుతడేమో అనుకున్న, నవ్వలే.
వానల ముందు ఊరు ఊరంతా వాటి మీదనే ఎక్కుతదట,
గోడకు కొత్త మన్ను మెత్తడానికి.
వాళ్ళ తాత కాలిజారి పడ్డది
ఎడమదిక్కు మూడో కట్టె మీదికెల్లేనట.
నేను నగలనుకున్నయి నిచ్చెన మెట్లు.

ఆ రాత్రి అన్నీ చెరిపేసి
నా మోకాలు కొలుచుకొని మళ్ళ గీసిన.
వంకర టింకర వచ్చినయి.
నీడలు గూడ వంకరే.

ధర్మసాగర్ దిక్కు గోడలు పెట్టే ఓదెమ్మ
నా కాయితాన్ని తలకిందులు పట్టుకొని చూసి
కింద పరిచి, దాని మీదనే కూసున్నది.
"ఏ చెర్ల మన్ను?"
డ్రాయింగుల అన్ని గడులున్నయి,
ఆ గడి లేదు.
మూడు చెరువుల మన్ను సంచులల్ల తెచ్చిన.
మొదటిది నాలికె మీద పెట్టుకొని ఉమ్మింది: చవుడు.
రెండోది పర్రెలిస్తదన్నది.
మూడోదానికి ఏమనలే,
చీర ఎగజెక్కి తొక్కుడు మొదలువెట్టింది.

ఇద్రీసా ప్యాంటు మడిచి దిగిండు.
ఊక కలిపిన మన్ను పది రోజులు మురగాలంటడు,
మూడు రాత్రులు చాలంటదామె.
అతనికొచ్చిన తెలుగు 'చాలు', 'ఎంత', 'అన్నా'.
బేరం ఆ మూడు మాటలతోనే నడిచింది.
ఐదు రాత్రుల కాడ కుదిరింది.
వాసనకు పక్క స్టాలు చీరలాయన
కమిటీకి కాయితం పెట్టిండు.

పని కాడికి పోయేది మట్టికోట పక్క నుంచే.
రాతికోట కాడ దిగి ఫొటోలు తీసేటోళ్ళకు
ఇది గడ్డి మొలిచిన గట్టు.
నాకూ ఇన్నేండ్లు గట్టే.
ఒకనాడు బండి ఆపి చెయ్యి పెట్టి చూసిన.
పొద్దుగూకినా వెచ్చగున్నది.

లోపలి గోడ అలికినంక
ఓదెమ్మ వేళ్ళ గీతలు అట్లనే ఉన్నయి, అర్ధచందురుల లెక్క.
నున్నగ చెయ్యమందామని నోరు తెరిచి
ఊకున్న.

ఎగ్జిబిషన్ తెరిచిన నాలుగోనాటికి
పిల్లల ఎత్తున, గోడ పొడుగూత బొక్కలు.
కమిటీ బోర్డు పెట్టింది: ముట్టుకోరాదు.
ఓదెమ్మకు సదువు రాదు.
ఆ బోర్డు కింద నీడ మంచిగున్నదని
తట్టెడు తడిమన్ను పెట్టిపోయింది.
సాయంత్రానికి ఎవలెవలో బొక్కలు పూడ్చిండ్రు.
ఒకామె పట్టుచీర కొంగు నడుముకు చెక్కి
కట్టె మీద కాలు పెట్టి ఎక్కింది పైదాకా.
గుండె గుబేలన్నది నాకు. కట్టె ఆగింది.

అంతా అయినంక కూలగొడితె
రాళ్ళు లేవు, రేకు లేదు, ఎత్తిపోసేది ఏమీ లేదు.
మన్ను మళ్ళ చెర్లకే పంపినం.
ఓదెమ్మ గట్టు మీద నిలవడి లెక్కవెట్టింది.
"నాలుగు ట్రాక్టర్లు తీసుకపోతిరి.
మూడున్నరే వచ్చె.
కడమది ఏది బిడ్డా?"

ఆరితే తగ్గుతదని తెల్వదా ఆమెకు?
తెలుసు. అయినా అడిగింది.
నేను బిల్లులు తిరగేసిన.
ఇద్రీసా తన గోళ్ళు చూసుకున్నడు.